చర్బీకి గవాహ్ ఎవరు?

బక్రీద్ నాడు ఖుర్బానీ జంతువును కోసి విప్పిన ఖసాయీకి గుర్దాల చుట్టూ మైనంలా పేరుకున్న తెల్లటి చర్బీ కొత్త కాదు. అదే జంతువు పుట్టిన రోజున అదే చోట చూస్తే ఆ చర్బీ తెల్లగా ఉండదు, గోధుమ రంగులో ఉంటుంది. తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి తడి ఒంటితో చలిగాలిలో పడ్డ గొర్రెపిల్లను కాపాడేది ఆ గోధుమ చర్బీయే. కొన్ని వారాల్లో దాని పని తీరిపోతుంది, మెల్లగా తెల్లబడిపోతుంది. మనిషి బిడ్డకూ కుద్రత్‌లో ఇదే బందోబస్తు ఉంది. పసిబిడ్డకు వణికి వేడి పుట్టించుకోవడం చేతకాదు. భుజాల మధ్య, మెడ దగ్గర, గుర్దాల చుట్టూ ఉన్న గోధుమ చర్బీ వణుకు లేకుండానే వేడి పుట్టిస్తుంది. ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు దీన్ని బ్రౌన్ ఫ్యాట్ అంటారు.

దీని గురించి ఇప్పుడు రాయడానికి వజా ఉంది. "బ్రౌన్ ఫ్యాట్‌ను నిద్ర లేపండి, షుగర్ పారిపోతుంది" అనే వీడియోలు మన ఫోన్లలోకి వచ్చిపడుతున్నాయి. ఒకాయన ఐసు నీళ్ల స్నానం చెయ్యమంటాడు. ఇంకొకాయన డబ్బాలో పొడి అమ్ముతాడు. మరొకాయన కారం బాగా తింటే ఆ చర్బీ మండుతుందంటాడు. మిరపకారంతోనే పని అయ్యేదైతే మన రాయలసీమలో పొట్ట ఉన్న మనిషి కనబడకూడదు గదా! నవ్వి వదిలేద్దామంటే, వీటిని నమ్మేది ఎవరో మనకు తెలుసు. దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే ముందు మాత్ర వెతుక్కునే మన అమ్మీలు, అబ్బాలు, ఖాలాలు, ఫుప్పూలు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన హిసాబు ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద ఉన్నారు. ఇంత పెద్ద బజారు కనబడితే తిజారత్ చేసేవాళ్లు ఊరుకుంటారా?

నా రాయ్ ఒక్కటే. చర్బీ గురించి ఎవరు ఏ దావా చేసినా, "నీ గవాహ్ ఎవరు? ఆ గవాహ్‌ను ఎవరైనా నిలదీశారా?" అని అడగాలి. ఈ దావాలో అసల్ గవాహ్ ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలో, ఐసు పెట్టెలో ప్రయాణం చేసి వస్తుంది. దాని పేరు యాంటీబాడీ. అది ఏం చెబుతుందో, ఎప్పుడు ఝూట్ చెబుతుందో తెలుసుకుంటే మన ఇళ్లలోకి వచ్చే సగం వీడియోలకు జవాబ్ దొరుకుతుంది. ఊళ్లో ల్యాబులు ఇచ్చే చీటీల గురించి కూడా కొంత తెలుస్తుంది. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు చర్బీ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన నంద్యాల జిల్లా వాళ్లకు ఇది చెప్పడం సులువు, ఎందుకంటే శ్రీశైలం డ్యామ్ మన జిల్లాలోనే ఉంది. కృష్ణ నీళ్లను ఎత్తున నిలబెడతారు. ఆ నీళ్లు కిందికి దూకేటప్పుడు టర్బైన్లు తిరుగుతాయి, కరెంటు పుడుతుంది. మన ఒంట్లో కణం కణంలో మైటోకాండ్రియా అనే బుల్లి బుల్లి పవర్‌హౌసులు ఉన్నాయి. తిన్న తిండి తాకత్‌తో అవి ప్రోటాన్లను ఒక పొర అవతలికి తోసి, డ్యామ్‌లో నీళ్లలాగా నిలబెడతాయి. అవి తిరిగి వచ్చే దారిలో నిజంగానే గిరగిరా తిరిగే ఒక యంత్రం ఉంది. అది తిరిగితే ఏటీపీ పుడుతుంది. ఒంటికి చెల్లుబాటయ్యే నగదు ఏటీపీ. ఈ డ్యామ్ సంగతి 1961లో చెప్పిన పీటర్ మిచెల్‌ను మొదట చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు. ఏటీపీని మొదట పట్టుకున్నవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆ పని చేశారు. ఆయన పేరు తెలుగు పిల్లల పాఠాల్లో ఇంకొంచెం గట్టిగా వినబడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

గోధుమ చర్బీలోని మైటోకాండ్రియాలో ఒక తమాషా ఉంది. టర్బైన్ పక్కనుంచి ఒక గేటు ఉంటుంది. ఆ గేటు ఎత్తితే ప్రోటాన్లు టర్బైన్‌ను తిప్పకుండానే దూకేస్తాయి. కరెంటు పుట్టదు, ఉన్న తాకత్ అంతా వేడిగా మారిపోతుంది. పవర్‌హౌసు లెక్కలో అది నష్టం. చలిలో పడ్డ పసిబిడ్డ లెక్కలో అది ప్రాణం. ఆ గేటు పేరే యూసీపీ1. 307 అమైనో ఆమ్లాల ప్రోటీన్. చలి తగిలితే మెదడు నుంచి నరాల ద్వారా నారడ్రినలిన్ అనే కబురు వస్తుంది, చర్బీ కరిగి కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి, గేటు లేస్తుంది. చలి పోతే మూసుకుంటుంది. ఈ చర్బీకి గోధుమ రంగు ఎందుకంటే అందులో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి, వాటిలో ఇనుము ఉన్న ప్రోటీన్లు ఉంటాయి, రక్తనాళాలు కూడా ఎక్కువ.

ఇప్పుడు సవాల్ వస్తుంది. రంగు చూసి ఇది గోధుమ చర్బీ అని అనేస్తే సరిపోతుందా? సరిపోదు. రక్తం ఎక్కువ చేరిన మామూలీ చర్బీ కూడా ఎర్రగా కనబడుతుంది. తెల్ల చర్బీ మధ్యలో అక్కడక్కడా గోధుమ గుణం తెచ్చుకునే కణాలు కూడా ఉంటాయి. పహచాన్ కావాలంటే ఆ గేటు ఉందా లేదా అన్నది తేలాలి. గేటు కంటికి కనబడదు. దాన్ని పట్టుకుని "ఇదిగో" అని చూపించే చెయ్యి కావాలి. ఆ చెయ్యే యూసీపీ1 యాంటీబాడీ.

దీన్ని తయారు చేసే పద్ధతి చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు, అయినా చెప్పాలి. యూసీపీ1లోంచి ఒక చిన్న తునకను ల్యాబులో తయారు చేస్తారు. అది మరీ చిన్నది కాబట్టి కుందేలు ఒళ్లు దాన్ని పట్టించుకోదు. అందుకని ఒక సముద్రపు నత్త రక్తంలోని పెద్ద ప్రోటీన్‌కు దాన్ని అతికించి ఎక్కిస్తారు. కుందేలు ఒళ్లు "వీడెవడో పరాయివాడు" అని పసిగట్టి యాంటీబాడీలు పుట్టిస్తుంది. కొన్ని వారాల తర్వాత రక్తం తీసి వాటిని వేరుచేస్తారు. ఒక కుందేలు ఒంట్లో ఒకే రకం యాంటీబాడీ పుట్టదు, ఎన్నో రకాలు కలిసి పుడతాయి. ఆ కుందేలు చచ్చిపోతే సరిగ్గా అదే సరుకు మళ్లీ రాదు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు ఎలుక కణాలతో ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా పుట్టించే దారి కనిపెట్టారు. ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కారు. యాంటీబాడీ జన్యు అక్షరాలు రాసిపెట్టుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు కణాల్లో అదే సరుకు తయారు చేయిస్తున్నారు.

ఈ ఫరక్ ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు. పదిమంది శిల్పులు పది ఉలులతో చెక్కిన రాళ్లను ఒకే బండిలో వేసి పంపితే ఒక్కో రాయి ఒక్కో తీరుగా ఉంటుంది. ఒక్క ఉస్తాద్ చేతి పనైతే అన్నీ ఒకే పోలికలో ఉంటాయి, ఆయన ఉన్నంత కాలం. కొలతలన్నీ కాగితం మీద రాసి ఉంటే ఉస్తాద్ పోయినా పని ఆగదు. నేనైతే కొలతలు రాసిపెట్టిన సరుకుకే ఓటు వేస్తాను. ప్రతిసారీ కొత్త కుందేలు నెత్తురు అక్కర్లేకపోవడం దానికి ఇంకో మంచి.

సరే, గవాహ్ వచ్చింది. గవాహీ ఎలా తీసుకుంటారు? చర్బీ ముక్కను నూరి, ప్రోటీన్లను బయటికి తీసి, జెల్లీ లాంటి పలక మీద కరెంటుతో పరుగెత్తిస్తారు. చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. తర్వాత వాటిని ఒక పల్చటి పొర మీదికి దింపుతారు. ఆ పొరను పాలపొడి కలిపిన నీళ్లలో నానబెడతారు. అవును, టీలో కలిపే వెన్న తీసిన పాలపొడి లాంటిదే. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఖాళీ చోట్లన్నీ పాల ప్రోటీన్లతో నింపడం అన్నమాట. ఆ తర్వాత యూసీపీ1 యాంటీబాడీ. దాని మీద ఇంకో యాంటీబాడీ, సాధారణంగా మేకలో తయారైనది. అది కుందేలు యాంటీబాడీని పట్టుకుని వెలుగు ఇస్తుంది. 32, 33 కిలోడాల్టన్ల దగ్గర ఒక గీత వెలిగితే యూసీపీ1 ఉంది అంటారు.

తజుర్బా లేని పిల్లలు ఇక్కడే పండగ చేసుకుంటారు. గీత వచ్చింది, ఫోటో తియ్యి, థీసిస్‌లో పెట్టు. కానీ మైటోకాండ్రియాలో యూసీపీ1కి చుట్టాలు చాలామంది. యూసీపీ2, యూసీపీ3, ఇంకా అదే ఖాందాన్‌కు చెందిన రవాణా ప్రోటీన్లు డజన్ల కొద్దీ ఉన్నాయి, చాలావరకు అదే సైజులో. ముఖం పోలిక చూసి అన్న బదులు తమ్ముణ్ణి పట్టుకున్న గవాహ్ లాగా యాంటీబాడీ కూడా చుట్టాన్ని పట్టుకోవచ్చు. గీత సరైన చోటే వెలుగుతుంది. మనిషి మాత్రం వేరే.

ఈ గవాహ్‌ను నిలదీసే పద్ధతిని నంద్యాల పత్తి రైతు దగ్గర నేర్చుకోవచ్చు. బీటీ పత్తి దేశంలోకి 2002లో వచ్చింది. విత్తనం అసలా నకిలీనా అని చూడటానికి ఆకు నలిపి ఒక పట్టీ ముంచే పరీక్ష వచ్చింది. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వాళ్లు కూడా అలాంటి కిట్లు తయారు చేశారు. ఆ పట్టీలో ఉండేదీ యాంటీబాడీయే, క్రై ప్రోటీన్‌ను పట్టుకునేది. బీటీ ఆకు దగ్గర రెండు గీతలు వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. బీటీ కాని ఆకు ముంచినప్పుడు ఆ రెండో గీత రాకూడదు. అక్కడా వచ్చేసిందంటే ఆ పట్టీని పారెయ్యాల్సిందే, అది అందరికీ "అవును" అనే గవాహ్. "లేదు" అని తెలిసిన చోట "లేదు" అని చెప్పగలిగిన గవాహ్ నోటి నుంచి వచ్చిన "ఉంది"కే విలువ.

గోధుమ చర్బీకి అలాంటి "లేదు" దొరికింది 1997లో. అమెరికాలో లెస్లీ కోజాక్ బృందం యూసీపీ1 జన్యువు తీసేసిన ఎలుకలను తయారు చేసింది. వాటి ఒంట్లో గోధుమ చర్బీ ఉంటుంది, గేటు ఉండదు. యాంటీబాడీకి ఇంతకంటే గట్టి ఇమ్తెహాన్ లేదు. మామూలు ఎలుక చర్బీలో గీత రావాలి, ఈ ఎలుక చర్బీలో అదే చోట ఖాళీ ఉండాలి. ఈ రెండూ పక్కపక్కన చూపించని యూసీపీ1 ఫోటో నా ముందు పెడితే, నేను మర్యాదగా వాపస్ ఇచ్చేస్తాను.

అదే ఎలుకలు ఇంకో పాఠం కూడా చెప్పాయి, పొడి డబ్బాల వాళ్లు చెప్పని పాఠం. గేటు లేకపోతే ఎలుక లావెక్కిపోతుందని అందరూ అనుకున్నారు. ఎక్కలేదు. చలికి తట్టుకోలేకపోయింది, అంతే. ఆ తర్వాత 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు అలాంటి ఎలుకలను 30 డిగ్రీల వెచ్చని గదిలో పెంచారు. అక్కడ లావెక్కాయి. మనం మామూలు అనుకునే గది ఎలుకకు చలి గదేనట. వేడి నిలుపుకోవడానికే వేరే దార్లలో తిండి ఖర్చు చేసేసి సన్నగా ఉండిపోయింది. గది వేడి మార్చితే నతీజా తిరగబడింది. ఇప్పుడు ఆలోచించండి. ఐరోపా చలిలో, ఏసీ గదిలో తేలిన సంగతిని తెచ్చి, మే నెలలో రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ కాసే ఊళ్ల పట్టికలో తరచూ కనబడే నంద్యాలలో డబ్బా మీద అంటించి అమ్మితే ఎలా? చలే లేని చోట గేటును ఎవరు లేపుతారు?

మనుషుల సంగతికి వద్దాం. పెద్దయ్యాక మనిషిలో గోధుమ చర్బీ మిగలదని చాలాకాలం అనుకున్నారు. కేన్సర్ రోగులకు తీసే పెట్ స్కాన్లలో మెడ దగ్గర, కాలర్ ఎముకల పైన కొన్ని చోట్లు చక్కెర పీల్చుకుని వెలిగేవి. డాక్టర్లకు అది చికాకు, కేన్సరేమో అని షక్ వచ్చేది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో మూడు పరిశోధనలు వచ్చాయి. బోస్టన్ వాళ్లు 1,972 మంది స్కాన్లు తిరగేసి, ఆడవాళ్లలో 7.5 శాతం, మగవాళ్లలో 3.1 శాతం మందిలో అలాంటి చర్బీ వెలుగుతున్నట్టు చూశారు. స్కాన్ చెప్పేది ఒక్కటే, ఇక్కడ చక్కెర ఖర్చవుతోంది అని. అది గోధుమ చర్బీయే అనడానికి మెడలోంచి చిన్న ముక్క తీసి, యూసీపీ1 యాంటీబాడీ వేసి చూపించాల్సి వచ్చింది. అప్పుడు గానీ కేసు నిలబడలేదు.

2014లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వాళ్లు మన ఉపఖండపు మూలాలున్న 12 మంది సన్నటి యువకులను, 12 మంది తెల్లవాళ్లను చల్లబరిచి స్కాన్ తీశారు. మనవాళ్లలో గోధుమ చర్బీ పరిమాణం 34 శాతం తక్కువ కనబడింది. ఈ అంకె పట్టుకుని "మన జాతికే షుగర్ రాసిపెట్టి ఉంది" అని నసీబ్ మీదికి నెట్టేసేవాళ్లు ఉన్నారు. 12 మంది గురూ! వాళ్లూ అక్కడి గడ్డ మీద బతికేవాళ్లు. నంద్యాల మిల్లులో బస్తాలు మోసే మనిషి చర్బీ ఎలా ఉంటుందో, ఆళ్లగడ్డ రాతి దుమ్ములో పనిచేసే మనిషి చర్బీ ఎలా ఉంటుందో ఆ 12 మందిని చూసి చెప్పలేం. పరిశోధన మంచిదే, అడిగిన సవాల్ కూడా మంచిదే. దాన్ని తీర్పుగా మార్చడమే తప్పు. మన ఖాందాన్లలో షుగర్‌కు పాలిష్ బియ్యం, దావత్ తర్వాత దావత్, కూర్చుని చేసే పని, రాత్రి పదకొండు గంటల భోజనం చాలావరకు జవాబు చెబుతాయి. వాటిని వదిలి కనబడని చర్బీ మీద నింద వెయ్యడం హాయిగా ఉంటుంది, అందుకే వేస్తున్నాం.

పొడుల విషయంలో మాత్రం హాయి కూడా లేదు, ఖతరా ఉంది. గేటు చేసే పనిని మందుతో చేయించాలనే కోషిష్ ఒకసారి జరిగింది. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ప్రోటాన్లను గేటు లేకుండానే దాటించేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మందుగుండు కర్మాగారాల్లో దాని మధ్య పనిచేసిన కూలీలు చిక్కిపోయారు, చెమటలు పట్టి జ్వరంతో కొందరు చచ్చిపోయారు. 1933లో అమెరికాలో దాన్నే సన్నబడే మందుగా వాడటం మొదలుపెట్టారు. నిజంగానే సన్నబడ్డారు. కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒంటి వేడి పెరిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1938 నాటికి అక్కడి ప్రభుత్వం ఆపించింది. అసలు గేటుకు చలి పోగానే మూసుకునే తెలివి ఉంది, ఈ మందుకు లేదు. ఇప్పటికీ ఇది ఇంటర్నెట్‌లో "ఫ్యాట్ బర్నర్" పేరుతో దొరుకుతోంది, వేరే దేశాల్లో జిమ్ముకు పోయే కుర్రవాళ్లు చనిపోతూనే ఉన్నారు. మీ ఇంట్లో జిమ్ము పిచ్చి ఉన్న బేటా ఉంటే, కొరియర్‌లో వచ్చే పసుపు పొడి మీద ఒక కన్ను వెయ్యండి.

గవాహ్‌ల మీద ఏతబార్ ఎంతుండాలో తేల్చే పని పెద్ద ఎత్తునా జరిగింది. కెనడాలోని మాంట్రియల్ కేంద్రంగా ఒక బృందం 65 ప్రోటీన్లకు బజారులో దొరికే 614 యాంటీబాడీలను తీసుకుని, ఆ ప్రోటీన్ లేని కణాలను పక్కన పెట్టి పరీక్షించింది. అసలు ప్రోటీన్‌ను పట్టుకోలేని యాంటీబాడీలతో ఒక్కో ప్రోటీన్ మీద సగటున 12 దాకా పరిశోధన పత్రాలు అచ్చయి ఉన్నాయని తేలింది. పన్నెండేసి ఝూటా గవాహీలు, వాటి మీద కట్టిన మేడలు! ఆ బృందం చెప్పిన మంచి మాట ఏమిటంటే, పరీక్ష ఫలితాలు చూసి కొన్ని కంపెనీలు తామే ఆ సరుకును వెనక్కి తీసుకున్నాయి. కొలతలు రాసిపెట్టిన రకాలే మిగతావాటికంటే బాగా నిలబడ్డాయి.

ఇదంతా మన గల్లీలోకి ఎలా వస్తుందంటారా? జ్వరం రూపంలో వస్తుంది. మన ఊళ్లలో మూడు రోజుల జ్వరం వస్తే చేతిలో పెట్టే చీటీ ఏమిటి? వైడాల్. 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ క్రిమికి ఎదురుగా మన రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది. ఇక్కడ యాంటీబాడీ ఇంకొకరి కోసం వెతికే గవాహ్ కాదు, దాన్నే వెతుకుతారు. కానీ జబ్బు పాతదే: పోలిక చూసి పొరపడటం. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, వేయించుకున్న టీకా, ఇంకో సాల్మొనెల్లా, ఒక్కోసారి మలేరియా, డెంగీ కూడా గీత గీసేస్తాయి. టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే చోట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనే ఆ యాంటీబాడీలు కొంత మోతాదులో ఉంటాయి. అందుకే ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి వారం రోజుల యాంటీబయోటిక్ మొదలుపెట్టడం సరికాదని వైద్య శాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. అసల్ సుబూత్ రక్తం కల్చర్. అది యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే తియ్యాలి, రెండు మూడు రోజులు ఇంతెజార్ చెయ్యాలి. ఖర్చు కూడా ఎక్కువే. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి "ఇంతెజార్ చెయ్యి" అని చెప్పడం సులువు కాదు, నాకు తెలుసు. డాక్టర్లకూ మజ్బూరీ ఉంటుంది. అయినా ఏటా ఒకే ఇంట్లో ముగ్గురికి టైఫాయిడ్ "తేలుతూ" ఉంటే, తేలుతున్నది జబ్బా, చీటీయా అని ఇంటివాళ్లు అడగడంలో తప్పు లేదు.

2020 ఏప్రిల్ గుర్తుంది కదా. కోవిడ్ కోసం చైనా నుంచి తెచ్చిన ర్యాపిడ్ యాంటీబాడీ కిట్ల ఫలితాలు పొంతన లేకుండా వస్తుంటే, రాజస్థాన్ ఫిర్యాదు చేసింది, వైద్య పరిశోధన మండలి వాటిని వాడటం ఆపమంది, చివరికి వాపస్ చెయ్యమంది. అక్కడ మంచి జరిగింది ఎందుకంటే ఎవరో ఒకరు జవాబు ముందే తెలిసిన రోగుల రక్తం పెట్టి కిట్‌ను నిలదీశారు. రోజుల్లో తేలిపోయింది. వైడాల్‌కు నూట పాతికేళ్లు దాటినా మన గల్లీలో ఎవరూ ఆ పని చెయ్యడం లేదు.

చేసేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. బీఎస్సీ బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే మన బేటీలు ఎంతమందో. నిఖా దాకా టైంపాస్ చదువు అని చుట్టాలు అంటారు, వాళ్ల ముఖం మీద నవ్వి ఊరుకుంటాం. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. అక్కడ మైక్రోబయాలజీ, పాథాలజీ విభాగాలు ఉండి తీరాలి. వ్యవసాయ పరిశోధన కేంద్రం నంద్యాలలో వందేళ్లకు పైగా ఉంది. పత్తి, శనగ, వరి మీద పనిచేసే ఇల్మ్ ఈ గడ్డకు కొత్త కాదు. మన పిల్లలకు మిషన్ బటన్ నొక్కడం నేర్పుతున్నాం, "లేదు" అని తెలిసిన నమూనా పక్కన పెట్టి చూడు అని నేర్పడం లేదు. ఆ ఒక్క అలవాటు లేకపోతే లక్షల రూపాయల మిషన్ కూడా గొంతు పెద్దదైన ఝూటా గవాహే.

దీనికి చాలా డబ్బు కావాలంటారు. కొంత కావాలి. బయటి దేశపు కంపెనీ యూసీపీ1 యాంటీబాడీ గొట్టంలో ఉండేది రెండు మూడు చుక్కలు, ధర పదుల వేలల్లో. అది మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. గడ్డకట్టి కరిగి, మళ్లీ గడ్డకట్టి కరిగితే గవాహ్ మతి చెడుతుంది. మన ఎండాకాలం కరెంటు కోతల్లో అది ఎన్నిసార్లు కరుగుతుందో ఎవరు లెక్కపెట్టారు? అందుకే రాగానే పది చిన్న గొట్టాల్లోకి పంచి, తారీఖు, లాట్ నంబరు రాసి పెట్టాలి. ఒక్కో పనికి ఒక్కో గొట్టం. ఫ్రీజర్‌కు ఇన్వర్టర్ ఉండాలి. లాట్ మారితే పాత ఇమ్తెహాన్ మళ్లీ పెట్టాలి. ఇవి మెహనత్‌తో అయ్యే పనులు.

"అవును" నమూనాకు విదేశాల వైపు చూడక్కర్లేదు. చలికాలం ఈతల్లో పుట్టి ఒకటి రెండు రోజులకే చనిపోయే గొర్రెపిల్లలు ఆళ్లగడ్డ చుట్టుపక్కల మందల్లో ప్రతి ఏడూ ఉంటాయి. వాటి గుర్దాల చుట్టూ ఉండే చర్బీని వెంటనే ఐసులో పెట్టి తెస్తే గేటు ఉన్న నమూనా. ఖసాయీ దుకాణంలో పెద్ద పొట్టేలు గుర్దా చుట్టూ తీసేది గేటు ఖాళీగా ఉండాల్సిన నమూనా. జన్యువు తీసేసిన ఎలుకంత గట్టి ఇమ్తెహాన్ కాదు గానీ, డిగ్రీ పిల్లల ప్రాజెక్టుకు చాలు. ముందుగా యాంటీబాడీ గొర్రె యూసీపీ1ను పట్టుకునే రకమేనా అని కంపెనీ కాగితంలో చూసుకోవాలి. చాలా రకాలను ఎలుక, మనిషి చర్బీలోనే పరీక్షించి ఉంటారు, గొర్రె పేరు రాసి ఉండదు.